తక్కువ డబ్బుతో ఇంగ్లండ్‌లో కుదురుకోవడం: ఏ పని ముందు, ఏది వెనక

ఇంగ్లండ్‌లో ఖర్చులెక్కువ, అది అందరికీ తెలిసిందే. కానీ కొత్తగా దిగినవాళ్ళకి చేతి చమురు ఎక్కువగా వదిలేది పనుల వరస తప్పినప్పుడే. అడ్రస్ లేనిదే బ్యాంకు కార్డు ఇంటికి రాదు, అకౌంట్ లేనిదే జీతం పడదు, జీతం స్లిప్పులు లేనిదే మంచి గది ఇవ్వరు, గది లేదు కాబట్టి మళ్ళీ అడ్రస్ లేదు. ఈ ముడి ఎక్కడ విప్పాలో ముందే తెలిస్తే తెచ్చుకున్న డబ్బులు మొదటి జీతం దాకా లాగుతాయి, లేకపోతే నెల తిరక్కముందే నాన్నకి ఫోన్ చెయ్యాల్సొస్తుంది.

ఇది ముఖ్యంగా ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ వీసా మీద వచ్చేవాళ్ళని మనసులో పెట్టుకుని రాస్తున్నా. స్టూడెంట్ వీసా వాళ్ళకి తేడా ఉన్న చోట అక్కడికక్కడ చెప్తా.

1. వీసా, దాని వెనక ఉండే అసలు లెక్క

ఈ స్కీమ్ 2023 ఫిబ్రవరిలో మొదలైంది, ఏడాదికి 3,000 మంది దాకా తీసుకుంటారు. 18 నుంచి 30 ఏళ్ళ మధ్య ఉండి డిగ్రీ ఉంటే చాలు, ఉద్యోగం ముందే దొరికి ఉండాల్సిన పన్లేదు, రెండేళ్ళు ఉండి దాదాపు ఏ పనైనా చేసుకోవచ్చు. కాకపోతే ముందు బ్యాలెట్ అనే లాటరీలో పేరు రావాలి. 2025లో ఫిబ్రవరిలో ఒకసారి జూలైలో ఒకసారి తెరిచారు, తెరిస్తే 48 గంటలే ఉంటుంది. గవ్ డాట్ యూకే అనే బ్రిటన్ ప్రభుత్వ సైట్‌లో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ వివరాలు ఇస్తే అయిపోతుంది, రూపాయి ఖర్చు లేదు. అమీర్‌పేట నుంచి బెజవాడ దాకా "బ్యాలెట్‌లో పేరొచ్చేలా చేస్తాం" అనేవాళ్ళు తగులుతారు, లాటరీలో పేరొచ్చేలా ఎవరూ చెయ్యలేరు, ఆ డబ్బులతో మంచి బూట్లు కొనుక్కోండి.

పేరొచ్చాక అసలు ఖర్చు మొదలవుతుంది. వీసా ఫీజు 300 పౌండ్ల పైచిలుకు. అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే హెల్త్ సర్‌ఛార్జ్ ఏడాదికి 776, రెండేళ్ళకీ ఒకేసారి 1,552 కట్టాలి. టీబీ టెస్ట్ తప్పనిసరి, హైదరాబాద్‌లో కూడా చేస్తారు, వాళ్ళు గుర్తించిన సెంటర్‌లోనే చేయించుకోవాలి. ఇవి కాక మీ అకౌంట్‌లో 2,530 పౌండ్లు వరసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. చాలామంది ఇక్కడే ఒక పొరపాటు లెక్క వేస్తారు: ఆ 2,530 ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి చూపించి, వీసా రాగానే తిరిగిచ్చేసి, చేతిలో ఐదారువందలతో విమానం ఎక్కేస్తారు. ఆ 2,530 వాళ్ళు సరదాకి పెట్టిన అంకె కాదు, మొదటి రెండు నెలలకి నిజంగా అంత పడుతుంది, ఎలాగో గది దగ్గర చూపిస్తా.

ఇప్పుడు వీసా స్టిక్కర్ కన్నా ఈవీసా, అంటే ఆన్‌లైన్‌లో ఉండే వీసా రికార్డు, ముఖ్యం. ప్లాస్టిక్ కార్డులకి 2024 చివరితో కాలం చెల్లిపోయింది. యూకేవీఐ (అక్కడి వీసాల శాఖ) అకౌంట్ తెరుచుకుని, పాస్‌పోర్ట్ అందులో లింక్ అయిందో లేదో, పేరు స్పెల్లింగ్ సరిగ్గా ఉందో లేదో ఇండియాలో ఉండగానే చూసుకోండి. ఇంటి పేరు ముందా వెనకా అనే మన తెలుగోళ్ళ తంటా ఇక్కడ కూడా వదలదు. ఇంటి ఓనర్‌కి, ఉద్యోగం ఇచ్చేవాళ్ళకి మన వీసా సంగతి వాళ్ళు ఆన్‌లైన్‌లో చూసుకోడానికి ఈ అకౌంట్‌లోంచే షేర్ కోడ్ తీసిస్తాం, దాన్ని 90 రోజుల దాకా వాడొచ్చు.

2. ఊరు ఎంచుకోవడం, అన్నిటికన్నా పెద్ద పొదుపు ఇదే

ఇంగ్లండ్ అనగానే లండన్ అనుకుంటాం. నేనుండేది లీడ్స్‌లో, కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటుంది, అయినా లెక్క మీరే చూడండి. 2026 ఏప్రిల్ నుంచి 21 ఏళ్ళు దాటినవాళ్ళకి కనీస వేతనం గంటకి 12.71 పౌండ్లు, 18 నుంచి 20 వాళ్ళకి 10.85. ఇది లండన్‌లోనూ అంతే, లీడ్స్‌లోనూ అంతే, షెఫీల్డ్‌లోనూ అంతే. వారానికి 37 గంటల 30 నిమిషాలు చేస్తే ట్యాక్స్, నేషనల్ ఇన్సూరెన్స్ (పన్ను లాగే జీతంలోంచి ప్రభుత్వానికి పోయేది) పోను నెలకి 1,780 దాకా చేతికొస్తాయి, పెన్షన్ కూడా కట్ అయితే 1,700 దగ్గరికి వస్తుంది. లీడ్స్, షెఫీల్డ్, లివర్‌పూల్, లెస్టర్ లాంటి ఊళ్ళలో బిల్లులతో కలిపి గది 500 నుంచి 650 మధ్య వెతుక్కోవచ్చు. లండన్‌లో ఓ మాదిరి గదికే 900 పెట్టాలి, ట్యూబ్ (లండన్ మెట్రో రైలు) ఖర్చు అదనం. అంటే ఒకే జీతం మీద నెలకి 400 దాకా తేడా కేవలం ఊరి పేరు వల్ల. కొత్తిమీర కట్ట దగ్గర ఎంత బేరమాడినా అంత మిగల్చలేం.

లండన్‌కి వెళ్ళాల్సినవాళ్ళు లేరని కాదు. ఫైనాన్స్, మీడియా, పెద్ద టెక్ కంపెనీలు, వీటిలో ఆఫర్ చేతిలో ఉంటే వెళ్ళండి. ఆఫర్ లేకుండా "అక్కడైతే అవకాశాలెక్కువ" అని వెళ్ళేవాళ్ళకి నా సలహా ఒకటే, మాంచెస్టర్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో కుదురుకుని అక్కడ్నుంచి అప్లై చేస్కోండి, మొదటి ఇంటర్వ్యూలు ఎలాగూ వీడియోలోనే కదా. మనవాళ్ళు కావాలి అనుకుంటే ఈస్ట్ హామ్, హౌన్స్లో, స్లౌ, రెడింగ్, మిల్టన్ కీన్స్ వైపు తెలుగు వినపడుతుంది. బర్మింగ్‌హామ్ పక్కన టివిడేల్‌లో బాలాజీ గుడి ఉంది, 2006లో తెరిచారు, కొండ మీద దాకా వెళ్ళలేని మనబోటి వాళ్ళకి అదే తిరుపతి.

3. సూట్‌కేసులో ఏం పెట్టాలి

మూడు లీటర్ల కుక్కర్, చిన్న మిక్సీ, పోపుల పెట్టె. ఇక్కడ కరెంటు కూడా 230 వోల్టులే కాబట్టి మన మిక్సీ నడుస్తుంది, ప్లగ్ మాత్రం వేరు, పలక ఆకారంలో ఉండే మూడు పిన్నుల అడాప్టర్లు రెండు మూడు ఇండియాలోనే కొనుక్కోండి. పచ్చళ్ళు తెచ్చుకోవచ్చు, కానీ చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి తేకూడదు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు రానివ్వరు, ఆ లెక్కన అమ్మ కాచిచ్చిన నెయ్యి, పాలకోవా కూడా వద్దు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, ఇవి నూనె కారకుండా రెండు కవర్లలో సీల్ చేయించుకుని చెక్-ఇన్ లగేజీలో వేస్కోండి.

పెద్ద కోట్లు తేవద్దు, హైదరాబాద్‌లో దొరికే చలి కోటు ఇక్కడి వాన గాలికి ఆగదు. లోపల వేసుకునే థర్మల్స్ తెచ్చుకోండి, కోటు ఇక్కడ వాడిన సామాన్లు చవగ్గా అమ్మే చారిటీ షాపుల్లో చూద్దాం. పళ్ళు చూపించుకుని రండి. ఇది నవ్వులాటకి చెప్పట్లేదు, ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యం) డెంటిస్ట్ దొరకడం చాలా ఊళ్ళలో గగనం, ప్రైవేట్‌లో రూట్ కెనాల్ అంటే నెల అద్దె. కళ్ళజోడు కూడా ఒకటి అదనంగా చేయించుకోండి.

ఇంకొకటి, ఇండియా సిమ్. బ్యాంకు ఓటీపీలన్నీ దాని మీదే ఆధారం, కాబట్టి బయల్దేరే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకుని, వాలిడిటీ ఉండేలా చిన్న రీచార్జ్ వేయిస్తూ ఉండమని ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి. వచ్చాక సేవింగ్స్ అకౌంట్‌ని ఎన్‌ఆర్‌ఓ (దేశం బయట ఉండేవాళ్ళ ఖాతా) కింద మార్పించుకోవడం రూలు, తీరిక చూసుకుని చెయ్యండి.

4. మొదటి పది రోజులు

దిగగానే గది అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకండి. పది పద్నాలుగు రోజులకి హాస్టల్‌లోనో, తెలిసినవాళ్ళ దగ్గరో, బస సరిచూసుకుని తీసుకున్న చిన్న గదిలోనో ఉండి ఊరు చూస్కోండి. హీత్రూలో దిగి లండన్ మధ్యకి వెళ్ళాలంటే పికడిలీ లైన్ ఎక్కండి, టైం ఎక్కువ పట్టినా టికెట్ ఎలిజబెత్ లైన్ రైలు టికెట్‌లో సగం కూడా అవ్వదు. వేరే ఊరికైతే నేషనల్ ఎక్స్‌ప్రెస్ బస్సులు ఎయిర్‌పోర్ట్ నుంచే ఉంటాయి, రెండు మూడు వారాల ముందు బుక్ చేస్తే రైలు కన్నా బాగా చవక.

సిమ్‌కి కాంట్రాక్ట్ వద్దు, కొత్తవాళ్ళకి క్రెడిట్ హిస్టరీ లేక ఎలాగూ ఇవ్వరు. గిఫ్‌గాఫ్, లెబారా, స్మార్టీ లాంటివి నెల నెలా కట్టేవి, పది పౌండ్ల లోపు సరిపోతుంది. గిఫ్‌గాఫ్ నడిచేది ఓ2 టవర్ల మీద, లెబారా వొడాఫోన్ మీద, స్మార్టీ త్రీ మీద, కాబట్టి మీ వీధిలో ఏ సిగ్నల్ ఉందో చూసి తీస్కోండి.

బ్యాంకు దగ్గర చాలామంది ఆగిపోతారు. పెద్ద బ్యాంకులకి అడ్రస్ ప్రూఫ్ కావాలి, అపాయింట్‌మెంట్‌కే వారాలు పట్టొచ్చు. మోంజో, స్టార్లింగ్ లాంటి యాప్ బ్యాంకులతో మొదలుపెట్టండి, పాస్‌పోర్ట్, ఒక సెల్ఫీ వీడియో, కార్డు రావడానికి ఒక యూకే అడ్రస్ ఉంటే పనైపోయే అవకాశం ఎక్కువ. ఈ ముడి విప్పాల్సింది ఇక్కడే: స్నేహితుల అడ్రస్ అయినా సరే, వాళ్ళని అడిగి, పోస్ట్ అందే అడ్రస్ ఒకటి ముందు సంపాదించుకోండి. ఆ అకౌంట్ స్టేట్‌మెంట్ తర్వాత చాలా చోట్ల అడ్రస్ ప్రూఫ్‌గా పనికొస్తుంది.

ఒక హెచ్చరిక. "నీ అకౌంట్‌లో రెండు వేలు వేస్తా, వంద ఉంచుకుని మిగతాది ఫలానా అకౌంట్‌కి పంపు" అని ఎవరైనా అడిగితే, అది మన ఊరివాడైనా సరే, వద్దని చెప్పండి. దీన్ని మనీ మ్యూల్ అంటారు, దొంగ సొమ్ము కడగడం కిందికి వస్తుంది, 14 ఏళ్ళ దాకా జైలు పడే నేరం. జైలు దాకా పోకపోయినా అకౌంట్ మూసేసి మీ పేరు మీద గుర్తు పెడతారు, అది ఆరేళ్ళు ఉంటుంది, అన్నాళ్ళు ఏ బ్యాంకూ గుమ్మం ఎక్కనివ్వదు.

5. గది

స్పేర్‌రూమ్, ఓపెన్‌రెంట్ అనే సైట్లు చూడండి. ప్రకటన చదివేటప్పుడు అద్దె వారానికా నెలకా అన్నది ముందు చూస్కోండి. వారానికి 150 అని ఉంటే మనం నాలుగుతో గుణించి 600 అనుకుంటాం, అది తప్పు. 52తో గుణించి 12తో భాగించాలి, 650 వస్తుంది. ఏడాదికి 600 తేడా.

గది చూడకుండా డబ్బు పంపకండి. "ఓనర్ వేరే దేశంలో ఉన్నాడు, తాళాలు కొరియర్‌లో వస్తాయి, ముందు డిపాజిట్ వెయ్యండి" అన్నారంటే అది మోసమే, ఇంకో ఆలోచన అక్కర్లేదు. స్వయంగా వెళ్ళలేకపోతే తెలిసినవాళ్ళని పంపించి వీడియో కాల్‌లో చూడండి, అందులో కుళాయి తిప్పించండి, కిటికీ మూలలు చూపించమనండి. నల్లటి మచ్చలు ఉంటే అది బూజు, చలికాలంలో ఆ గదిలో బట్టలారవు, దగ్గు తగ్గదు. కొత్తగా తెల్ల రంగు కొట్టి ఉంటే ఇంకా అనుమానించండి. బెడ్ వెనక గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే చల్లగా తడిగా తగులుతుంది, అలాంటి గది 50 తగ్గించి ఇచ్చినా హీటింగ్ బిల్లులో అది పోతుంది.

చట్టం మీ వైపు చాలానే ఉంది, ఎవరూ చెప్పరు అంతే. 2019 టెనెంట్ ఫీజ్ చట్టం ప్రకారం మామూలు అద్దెలకి డిపాజిట్ ఐదు వారాల అద్దె దాటకూడదు, గది మనకోసం ఆపి ఉంచడానికి తీసుకునే హోల్డింగ్ డిపాజిట్ ఒక వారం అద్దె దాటకూడదు. రిఫరెన్స్ ఫీజు, అగ్రిమెంట్ ఫీజు అని ఏజెంట్లు అడగకూడదు. డిపాజిట్‌ని 30 రోజుల్లోపు ప్రభుత్వం గుర్తించిన స్కీమ్‌లో పెట్టి మీకు కాగితం ఇవ్వాలి. కొత్త రెంటర్స్ రైట్స్ చట్టం వచ్చాక, 2026 మే 1 నుంచి, ఒక నెలకి మించి ముందస్తు అద్దె అడగడానికి లేదు. ఇంతకుముందు మనలాంటి కొత్తవాళ్ళని గ్యారంటర్ (అద్దెకి పూచీ పడే మనిషి) లేడని ఆరు నెలల అద్దె ఒకేసారి కట్టమనేవాళ్ళు, ఆ బాధ తప్పింది. ఏడాది కట్టుబాటు కూడా పోయింది, రెండు నెలల నోటీసు ఇచ్చి వెళ్ళిపోవచ్చు.

కానీ ఓనర్ కూడా అదే ఇంట్లో ఉంటూ ఒక గది మీకిస్తే మీరు లాడ్జర్ అవుతారు, అప్పుడు డిపాజిట్ స్కీమ్ లాంటి ఈ రక్షణలు చాలావరకు వర్తించవు. మన తెలుగు కుటుంబాలు ఇచ్చే గదులు ఎక్కువ ఈ రకమే. చెడ్డది అనను, ఇంటి భోజనం వాసన తగుల్తుంది, అక్కా బావా అనుకుంటూ ఉండొచ్చు, కాకపోతే డిపాజిట్ ఎంత, ఎప్పుడు తిరిగిస్తారు, వంట ఏ టైంలో, ఫ్రెండ్స్ రావచ్చా, ఇవన్నీ మొహమాటం లేకుండా వాట్సాప్‌లో రాయించుకోండి. మొహమాటానికి పోతే ఏమవుద్దో మనకి సామెతే ఉంది.

ఇప్పుడు ఆ 2,530 లెక్క. అద్దె 600 అనుకుందాం. ఐదు వారాల డిపాజిట్ 692, మొదటి నెల అద్దె 600, మొత్తం 1,292 తాళాలు తీసుకునే రోజే పోయాయి. ముందు పది రోజుల బస 300. దుప్పట్లు, గిన్నెలు, కోటు 150. రెండో నెల అద్దె 600. ఇక మిగిలింది 200 లోపు, తిండి, బస్సు అందులోనే. నెల జీతమైతే చేరిన నాలుగైదు వారాలకి గానీ మొదటిది రాదు, కాబట్టి వారం జీతం ఇచ్చే పని మొదట ఒకటి పట్టుకోవడం తెలివైన పని.

తాళాలు తీసుకున్న గంటలో చేసేయాల్సినవి: ప్రతి గోడ, కార్పెట్ మరక, పరుపు ఫొటోలు తీసి ఏజెంట్‌కి మెయిల్ పెట్టడం, గ్యాస్, కరెంటు మీటర్ రీడింగులు ఫొటో తీయడం. బిల్లులు కలిపిన గది కాకపోతే కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద పడే స్థానిక పన్ను) ఎవరు కడతారో అడగండి. ఫుల్‌టైం స్టూడెంట్లకి అది లేదు. ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గుతుంది. స్టూడెంట్ల ఇంట్లో మీరొక్కరే ఉద్యోగం చేసేవాళ్ళైతే బిల్లు మీ మీదే పడొచ్చు, ఈ సంగతి అగ్రిమెంట్‌కి ముందే తేల్చుకోండి. లైవ్ టీవీ గానీ బీబీసీ ఐప్లేయర్ గానీ చూడకపోతే టీవీ లైసెన్స్ అక్కర్లేదు, ఉత్తరాలు మాత్రం ఎర్రక్షరాలతో భయపెడుతూ వస్తుంటాయి, చూడట్లేదని ఆన్‌లైన్‌లో ఒకసారి చెప్తే చాలు.

6. పని

సీవీలో ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, డిక్లరేషన్ ఇవన్నీ తీసెయ్యండి. రెండు పేజీలు చాలు. వీసా గురించి ఒక లైను రాయండి, ఫలానా తేదీ దాకా ఫుల్‌టైం పని చెయ్యడానికి అనుమతి ఉంది, స్పాన్సర్‌షిప్ (కంపెనీయే వీసా పెట్టించడం) అక్కర్లేదు అని. ఇది రాయకపోతే విదేశీ పేరు చూసి పక్కన పెట్టేస్తారు, రాస్తే ఫోన్లు రావడం మొదలవుతుంది.

నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్‌కి గవ్ డాట్ యూకేలో ఉచితంగా అప్లై చెయ్యండి, అది రాకముందే పనిలో చేరొచ్చు, షేర్ కోడ్ ఉంటే చాలు. నంబర్ లేదు కాబట్టి జీతం ఇవ్వం అన్నారంటే ఆ చోటే తేడా.

మొదటి పని కలల ఉద్యోగం కానక్కర్లేదు. వేర్‌హౌస్‌లు అక్టోబర్ నుంచి క్రిస్మస్ దాకా మనుషుల కోసం వెతుకుతుంటాయి, కేఫ్‌లు, కేర్ హోమ్‌లు ఏడాదంతా. ఆఫీసు పనులకి టెంప్ ఏజెన్సీల్లో (తాత్కాలిక పనులకి మనుషుల్ని పంపేవి) పేరిచ్చి, వారానికోసారి మీరే ఫోన్ చేస్తుండండి. నేను చూసినంతలో ఏజెన్సీ వాళ్ళు మంచి సీవీ కన్నా పొద్దున్నే ఫోన్ ఎత్తి "ఇవాళే రాగలను" అన్నవాణ్ణి ముందు పంపిస్తారు.

స్టూడెంట్లకి సెమిస్టర్ టైంలో వారానికి 20 గంటలే, సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్క. రెండు చోట్ల పని చేసినా కలిపి 20. సొంతంగా చేసే పని అసలు కుదరదు, ఫుడ్ డెలివరీ యాప్‌లు ఆ కిందికే వస్తాయి. వేరేవాళ్ళ డెలివరీ ఐడీ అద్దెకి తీసుకుని తిరిగేవాళ్ళు ఉన్నారు, దొరికితే వీసా పోతుంది, ఇంటికి పంపేస్తారు, కట్టిన లక్షల ఫీజు గంగలో కలిసినట్టే. చేతికి క్యాష్ ఇచ్చి గంటకి ఆరేడు పౌండ్లు ముట్టజెప్పే చోట్లు కూడా ఉంటాయి, బాధాకరం ఏంటంటే అందులో మనవాళ్ళ హోటళ్ళూ ఉంటాయి. అక్కడ చెయ్యి కాలినా, జీతం ఎగ్గొట్టినా చెప్పుకునే దిక్కుండదు.

స్పాన్సర్‌షిప్ ఇప్పిస్తాం ఇంత ఇవ్వండి అనే బేరం కూడా వినపడుతుంది. స్కిల్డ్ వర్కర్ వీసాకి 2025 జూలై 22 నుంచి సాధారణ జీతం పరిమితి 41,700 పౌండ్లు చేశారు, కేర్ వర్కర్లని బయటి దేశాల నుంచి తెచ్చుకోవడం అదే రోజు ఆపేశారు. ఈ రెండు సంగతులు తెలిస్తే ఆ బేరం ఎంత డొల్లో అర్థమైపోతుంది.

7. మొదటి పేస్లిప్ చదవడం

ట్యాక్స్ కోడ్ దగ్గర 1257ఎల్ అని ఉంటే సరే, ఏడాదికి 12,570 దాకా ఆదాయపు పన్ను లేదని అర్థం. దాని పక్కన డబ్ల్యూ1, ఎం1, ఎక్స్ లాంటివి ఉన్నా, బీఆర్ అని ఉన్నా ఎక్కువ కట్ అవుతుండొచ్చు. చేరేటప్పుడు ఇచ్చే స్టార్టర్ చెక్‌లిస్ట్ సరిగ్గా నింపితే ఈ గొడవ రాదు, వస్తే హెచ్‌ఎంఆర్‌సీ (ఇక్కడి పన్నుల శాఖ) ఆన్‌లైన్ అకౌంట్‌లో సరిచేసుకోవచ్చు, ఎక్కువ కట్టింది తిరిగొస్తుంది. ఉద్యోగం మారేటప్పుడు పి45 (పాతచోట జీతం, పన్ను ఎంతో చూపే కాగితం) అడిగి తీసుకుని కొత్తచోట ఇవ్వండి.

22 ఏళ్ళు దాటి ఏడాదికి 10,000 పైన వస్తుంటే పెన్షన్‌లో వాళ్ళంతట వాళ్ళే చేర్చేస్తారు. కంపెనీ కూడా తన వాటా వేస్తుంది, అందుకని ఉంచుకోవడం లాభమే, కాకపోతే ఆ డబ్బు ముసలితనం దాకా చేతికి రాదు. రెండేళ్ళకి వచ్చినవాళ్ళు కావాలంటే నెల లోపు బయటికి రావొచ్చు, కట్ అయింది తిరిగిస్తారు. గంటల లెక్కన చేసేవాళ్ళకి కూడా సెలవు జీతం ఉంటుంది, ఏడాదికి 5.6 వారాలు, అడగడానికి సిగ్గుపడకండి.

8. వంటిల్లు

బయట మధ్యాహ్నం భోజనం తింటే 8 నుంచి 12 పౌండ్లు, అంటే కనీస వేతనంలో ఒక గంట. ఇంట్లో వండితే నెలకి 150 నుంచి 180లో బాగా తినొచ్చు. సామాన్లు ఆల్డీ, లిడిల్‌లో కొనండి. టెస్కోకి వెళ్తే క్లబ్‌కార్డ్ లేకుండా వెళ్ళకండి, కార్డు ఉన్నవాళ్ళకో రేటు లేనివాళ్ళకో రేటు. సాయంత్రం ఏడు దాటాక సూపర్ మార్కెట్లలో పసుపు స్టిక్కర్లు వేస్తారు, ఆ రోజుతో గడువు తీరేవి సగానికీ అంతకన్నా తక్కువకీ ఇస్తారు, బ్రెడ్, చికెన్ తెచ్చి ఫ్రీజర్‌లో పడేయండి. బియ్యం, కందిపప్పు, చింతపండు, మినప్పప్పు మాత్రం ఇండియన్ షాపులోనే పెద్ద సంచి, సోనా మసూరి 10 కిలోలు నలుగురూ కలిసి కొంటే ఇంకా మంచిది. లెస్టర్‌లో బెల్‌గ్రేవ్ రోడ్, బర్మింగ్‌హామ్‌లో సోహో రోడ్, మాంచెస్టర్‌లో విల్మ్స్లో రోడ్ వైపు అన్నీ దొరుకుతాయి. లీడ్స్ వాళ్ళైతే కూరగాయలకి కర్క్‌గేట్ మార్కెట్‌కి వెళ్ళండి, మార్క్స్ అండ్ స్పెన్సర్ 1884లో ఒక చిన్న బండి కొట్టుగా మొదలైంది అక్కడే, ఇప్పుడు వాళ్ళ షాపులో మనం ఏదీ కొనలేం అది వేరే సంగతి.

తాజా గోంగూర ఖరీదు, ఒక్కోసారి దొరకదు కూడా. దాని బదులు రుబార్బ్ అని ఎర్రటి కాడలుంటాయి, వసంతంలో చవగ్గా వస్తాయి, యార్క్‌షైర్‌లో వేక్‌ఫీల్డ్ చుట్టుపక్కల దానికి పెట్టింది పేరు. ఇంగ్లిష్‌వాళ్ళు పంచదార పోసి తీపి వంటలు చేస్కుంటారు. మనం అరంగుళం ముక్కలు కోసి, పప్పు సగం ఉడికాక వేసి, ఎండుమిర్చి వెల్లుల్లితో పోపు పెడితే పులుపు సరిగ్గా కుదురుతుంది. ఆకులు మాత్రం విషం, కాడలే వాడాలి.

ఆ పోపు గురించే ఇంకో మాట. ఇక్కడ ప్రతి ఇంట్లో స్మోక్ అలారం ఉంటుంది, ఎండుమిర్చి నల్లబడేలోపే అది కూయడం మొదలెడుతుంది, రాత్రి పదకొండుకి ఇల్లంతా లేచి మెట్ల మీదికి వస్తారు. వంటగది తలుపు మూసి, కిటికీ తెరిచి, ఫ్యాన్ ముందే వేసి, చిన్న మంట మీద మూత పట్టుకుని పెట్టండి. అలారానికి ప్లాస్టిక్ కవర్ కట్టేసే తెలివితేటలు చూశా, అది ప్రాణాల మీదికి తెచ్చే పని, ఓనర్ చూస్తే ఇంట్లోంచి పంపేయడానికి కారణం కూడా.

దుప్పట్లు, గిన్నెలు, కోట్లు కొత్తవి కొనకండి. ఆక్స్‌ఫామ్, బర్నార్డోస్, బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ లాంటి చారిటీ షాపులు ప్రతి హైస్ట్రీట్‌లో ఉంటాయి, కాస్త డబ్బున్న పేటల్లో ఉన్న వాటిలో సరుకు ఇంకా బాగుంటుంది. గొడుగు దండగ, గాలికి తిరగబడుతుంది, టోపీ ఉన్న రెయిన్ జాకెట్ తీస్కోండి.

9. ఒళ్ళు, చలి, కాగితాలు

జీపీ (పేటలో ఉండే మామూలు డాక్టర్) దగ్గర రిజిస్టర్ అవ్వడం జ్వరం వచ్చాక పెట్టుకునే పని కాదు, గది దొరికిన వారమే చెయ్యండి. ఉచితం, అడ్రస్ ప్రూఫ్ లేదని తిప్పి పంపకూడదు. మందుల చీటీకి ఒక్కో మందుకి 9.90. మన దగ్గరలా షాపుకెళ్ళి యాంటీబయోటిక్ అడిగితే ఇవ్వరు, కానీ గొంతు నొప్పి, సైనస్ లాంటి ఏడు రకాల బాధలకి ఫార్మసిస్టే చూసి మందు ఇవ్వొచ్చు, 2024 జనవరి నుంచి ఆ పద్ధతి ఉంది. ఏం చెయ్యాలో తెలీకపోతే 111కి, ప్రాణం మీదికొస్తే 999కి ఫోన్ చెయ్యండి.

డిసెంబర్‌లో సాయంత్రం నాలుక్కే చీకటి. పొద్దున ఎనిమిదికి గానీ తెల్లారదు. షిఫ్ట్‌లో ఉంటే వారాల తరబడి ఎండ మొహం చూడం, దిగులు పట్టుకుంటుంది, అందుకని మధ్యాహ్నం బ్రేక్‌లో బయటికి నడవండి, విటమిన్ డి రోజుకి 10 మైక్రోగ్రాములు చలికాలమంతా వేసుకోమని ఎన్‌హెచ్‌ఎస్సే చెప్తుంది. గది చలిగా ఉంటే లైబ్రరీకి పోండి, కార్డు ఉచితం, వెచ్చగా ఉంటుంది, ప్రింట్లు చవక.

మనలో చాలామందికి తెలీని సంగతి: ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి, వీసా మీద ఉన్నా సరే, మనకి ఇక్కడ ఓటు హక్కుంది. ఓటర్ల జాబితాలో చేరితే క్రెడిట్ స్కోరుకి కూడా సాయం, అడ్రస్‌కి ఒక గుర్తింపు పడుతుంది. ఐదు నిమిషాల ఫారం.

10. తిరగడం

వచ్చింది పని చేసి పడుకోడానికి మాత్రమే కాదు కదా. 16-25 రైల్‌కార్డ్ ఏడాదికి 35 పౌండ్లు, టికెట్లలో మూడో వంతు తగ్గుతుంది, వయసు దాటితే 26-30 కార్డు ఉంది. పని రోజుల్లో పొద్దున పదిలోపు ఎక్కితే కనీస టికెట్ 12 పౌండ్ల నిబంధన ఒకటుంది, చిన్న ప్రయాణాలకి అప్పుడు లాభం ఉండదు. టికెట్ రైలు కంపెనీ సొంత సైట్‌లో కొంటే బుకింగ్ ఫీజు ఉండదు. ఇంగ్లండ్‌లో చాలా బస్సుల్లో ఎంత దూరమైనా సింగిల్ టికెట్ 3 పౌండ్లు మించదు, 2027 మార్చి దాకా ఉంది ఇది, ఆదివారం పూట ఊళ్ళు చూడ్డానికి ఇంతకన్నా మంచి బేరం లేదు. షెఫీల్డ్‌, మాంచెస్టర్ల మధ్య నడిచే రైల్లో ఈడేల్‌లో దిగితే స్టేషన్ నుంచే పీక్ డిస్ట్రిక్ట్ కొండలెక్కొచ్చు, పులిహోర డబ్బా సంచిలో ఉంటే ఆ రోజుకి ఇక ఖర్చే లేదు. యార్క్‌లో నేషనల్ రైల్వే మ్యూజియం, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం, నేచురల్ హిస్టరీ మ్యూజియం, అన్నీ ఉచితం. మన డ్రైవింగ్ లైసెన్స్ మీద 12 నెలలు నడపొచ్చు, అయితే కొత్తవాళ్ళకి ఇన్సూరెన్స్ రేటు చూశాక కారు ఆలోచన దానంతట అదే పోతుంది.

చివరికి ఇల్లు వదిలేటప్పుడు, నోటీసు మెయిల్‌లోనే ఇవ్వండి, మొదటి రోజు తీసిన ఫొటోల పక్కన ఖాళీ గది ఫొటోలు పెట్టి డిపాజిట్ అడగండి, కోత పెడితే స్కీమ్ వాళ్ళ దగ్గర ఉచితంగా ఫిర్యాదు చెయ్యొచ్చు. దేశం వదిలి వెళ్ళిపోతుంటే హెచ్‌ఎంఆర్‌సీకి పి85 ఫారం పెట్టండి, ట్యాక్స్ ఏడాది మధ్యలో వెళ్ళేవాళ్ళకి చాలాసార్లు కొంత తిరిగొస్తుంది. బ్యాంకు అకౌంట్ మాత్రం ఆ డబ్బు పడ్డాకే మూయండి.